పరమాణు కేంద్రకాన్ని ఛేదించిన యంత్రం

మామిడితోపులో కొమ్మ చివర కాయ కనిపిస్తే పిల్లలు ఏం చేస్తారో అందరికీ తెలుసు. రాయి విసురుతారు. అది తప్పితే మరొకటి విసురుతారు. కాయ ఎత్తున ఉంటే రాయికి వేగం కావాలి. కాయ చిన్నదైతే రాళ్లు ఎక్కువ కావాలి. పరమాణువు లోపల ఏముందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు తోచిన ఉపాయం కూడా ఇంచుమించు ఇదే. కాకపోతే అక్కడ కాయ కంటికి కనిపించదు, రాయీ కనిపించదు. అటువంటి రాళ్లను విసరడానికి ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో ఇద్దరు యువకులు ఒక యంత్రాన్ని కట్టారు. దానికి వారికి సుమారు మూడేళ్లు పట్టింది. యంత్రం పనిచేసిందని తేలడానికి మాత్రం కొన్ని నిమిషాలే చాలాయి.

పరమాణువు నడుమ కేంద్రకం అనే అతి చిన్న భాగం ఉందని 1911లో రూథర్‌ఫర్డ్ తెలియజేశాడు. పరమాణువును పెద్ద క్రికెట్ మైదానమంతగా ఊహించుకుంటే, దాని నడుమ కేంద్రకం ఆవగింజంత ఉంటుంది. అయినా పరమాణువు బరువంతా దాదాపు అందులోనే ఉంటుంది. ఆ ఆవగింజను కొట్టడానికి రూథర్‌ఫర్డ్ ప్రకృతి ఇచ్చిన రాళ్లనే వాడుకున్నాడు. రేడియం వంటి రేడియోధార్మిక పదార్థాల నుంచి ఆల్ఫా కణాలు వాటంతట అవే మహావేగంతో వెలువడుతుంటాయి. ఆ కణాలు నైట్రోజన్ కేంద్రకాలకు తగిలినప్పుడు ఎప్పుడో ఒకసారి వాటిలో నుంచి ప్రోటాన్ ఊడి బయటపడుతున్నదని 1919లో ఆయన ప్రకటించాడు. మానవుడు ఒక మూలకాన్ని మరొక మూలకంగా మార్చడం అదే మొదటిసారి.

అయితే ప్రకృతి ఇచ్చిన ఈ రాళ్లతో చిక్కులున్నాయి. ఒక గ్రాము రేడియం నుంచి సెకనుకు సుమారు 3,700 కోట్ల ఆల్ఫా కణాలు వస్తాయి. వినడానికి ఇది పెద్ద సంఖ్యే. కాని అవి నలుదిక్కులకూ చెదిరిపోతాయి. గురిచూసిన వైపు వెళ్లేవి కొన్నే. అలా వెళ్లినవాటిలోనూ కేంద్రకాన్ని తాకేవి లక్షల్లో ఒకటి. పైగా ఆ రోజుల్లో రేడియం ధర బంగారానికి ఎన్నో రెట్లు. గ్రాముల కొద్దీ పోగుచేయడం ఏ ప్రయోగశాలకూ సాధ్యమయ్యేది కాదు. కణాల వేగాన్ని పెంచడం, తగ్గించడం కూడా మన చేతిలో లేదు. ప్రకృతి ఎంత ఇస్తే అంతే.

రూథర్‌ఫర్డ్ అప్పటికి కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలకు అధిపతి. 1927లో రాయల్ సొసైటీ అధ్యక్షుడిగా ఉపన్యసిస్తూ, ఆల్ఫా కణాలకన్నా ఎక్కువ శక్తిగల కణాలను ధారాళంగా, మనిషి తన ఇష్టప్రకారం తయారుచేసుకోగలగాలని తన చిరకాల కోరికను వెల్లడించాడు.

కోరిక బాగానే ఉంది, మార్గం ఏది? హైడ్రోజన్ వాయువులోకి విద్యుత్తు పంపితే దాని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి ప్రోటాన్లు మిగులుతాయి. ప్రోటాన్‌కు ధనావేశం ఉంటుంది. గాలి తీసేసిన గొట్టంలో ఒక కొసన ధనావేశం, మరొక కొసన ఋణావేశం ఉంచితే ప్రోటాన్ ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెత్తుతుంది. రెండు కొసల మధ్య వోల్టేజి ఎంత ఎక్కువైతే ప్రోటాన్ అంత వేగం అందుకుంటుంది. ఒక వోల్టు తేడా దాటినప్పుడు దానికి చేరే శక్తిని ఒక ఎలక్ట్రాన్ వోల్టు అంటారు. కణాలకు ఈ విధంగా వేగాన్నిచ్చే సాధనమే కణ త్వరణ యంత్రం.

అడ్డంకి ఎక్కడంటే, కేంద్రకానికీ ధనావేశమే ఉంటుంది. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని మీరు చదువుకొని ఉంటారు. ప్రోటాన్ దగ్గరకు వచ్చేకొద్దీ కేంద్రకం దాన్ని వెనక్కు నెట్టివేస్తుంది. కేంద్రకం చుట్టూ కనిపించని కోటగోడ ఒకటి ఉన్నట్లే. ఆ గోడను దూకాలంటే ఎంతో తేలికైన మూలకాలకు కూడా పది లక్షల వోల్టులకు పైగా కావాలని లెక్కలు చెప్పాయి. ఆ రోజుల్లో రెండు మూడు లక్షల వోల్టులు దాటితే గాజు గొట్టాలు చిల్లులుపడేవి. గదిలో నిప్పురవ్వలు మెరుపుల్లా దూకేవి. పది లక్షల మాట అలా ఉంచి, అందులో సగం అందుకోవడమే గగనం.

ఈ చిక్కుముడి విప్పడానికి దారి యంత్రాలు కట్టేవారి నుంచి రాలేదు. కాగితం మీద లెక్కలు వేసే ఒక యువకుడి నుంచి వచ్చింది. ఆయన పేరు జార్జి గామో. ఒడెస్సాలో పుట్టిన గామో 1928లో జర్మనీలో ఉండగా ఆల్ఫా కణాలు కేంద్రకం నుంచి ఎలా బయటపడుతున్నాయని ఆలోచించాడు. అవి బయటపడుతున్న శక్తిని చూస్తే, గోడ దూకడానికి అది చాలదు. అయినా బయటకు వస్తున్నాయి! క్వాంటం సిద్ధాంతం ప్రకారం, గోడ దూకలేని కణం కూడా ఎప్పుడో ఒకసారి గోడకు అవతల ప్రత్యక్షం కావచ్చునని ఆయన లెక్కగట్టి చూపాడు. అదే సమయంలో అమెరికాలో గర్నీ, కాండన్ అనే ఇద్దరు ఇదే విషయాన్ని విడిగా కనుగొన్నారు. మనం గోడకేసి కొట్టిన బంతి ఎన్నడూ గోడలోంచి అవతలికి పోదు. కాని ప్రోటాన్లు, ఆల్ఫా కణాలు వంటి అతి సూక్ష్మ వస్తువుల లోకంలో నియమాలు వేరు.

గామో వ్యాసం అచ్చుకాక ముందే దాని ప్రతి కావెండిష్‌లోని జాన్ కాక్‌క్రాఫ్ట్ చేతికి వచ్చింది. కాక్‌క్రాఫ్ట్ లెక్కను తిరగేసి చూశాడు. ఆల్ఫా కణం గోడలోంచి బయటకు రాగలిగితే, ప్రోటాన్ గోడలోంచి లోపలికి పోలేదా? పోగలదు. వెళ్లే ప్రోటాన్లు చాలా అరుదు, నిజమే. కాని విద్యుత్తుతో తయారుచేసే ప్రోటాన్లకు లోటేముంది? ఒక మైక్రోఆంపియరు ప్రవాహమంటే ఆంపియరులో పదిలక్షలో వంతు. అంత స్వల్ప ప్రవాహంలోనూ సెకనుకు ఆరు లక్షల కోట్లకు పైగా ప్రోటాన్లు ఉంటాయి. అన్ని ఆల్ఫా కణాలు కావాలంటే నూట అరవై గ్రాములకు పైగా రేడియం ఉండాలి! గురి తప్పినా ఫరవాలేదు, రాళ్లు అన్ని ఉన్నాయి. మూడు లక్షల వోల్టులతో బోరాన్ వంటి తేలికైన కేంద్రకాలను ఛేదించవచ్చునని కాక్‌క్రాఫ్ట్ ఒక చిన్న నివేదిక రాసి రూథర్‌ఫర్డ్‌కు ఇచ్చాడు. 1929 జనవరిలో గామో స్వయంగా కేంబ్రిడ్జి వచ్చినప్పుడు ఈ విషయం చర్చకు వచ్చింది. ఖరీదైన పరికరాలంటే రూథర్‌ఫర్డ్‌కు సహజంగా గిట్టదు. అయినా విశ్వవిద్యాలయాన్ని అడిగి వెయ్యి పౌన్లు తెప్పించాడు. ఆ ప్రయోగశాలకు అది అసాధారణమైన మొత్తం.

కాక్‌క్రాఫ్ట్ 1897లో యార్క్‌షైర్‌లోని టాడ్‌మార్డన్ అనే ఊరిలో పుట్టాడు. నూలు మిల్లు నడిపే కుటుంబం. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశాడు. తరువాత విద్యుత్ ఇంజనీరింగు చదివి, మాంచెస్టరులోని మెట్రోపాలిటన్ వికర్స్ అనే విద్యుత్ పరికరాల కర్మాగారంలో పని నేర్చుకొని, ఆపైన కేంబ్రిడ్జిలో గణితం చదివాడు. కర్మాగారం, గణితం రెండూ తెలిసిన మనిషి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో దొరకడం అరుదు. ఎర్నెస్ట్ వాల్టన్ ఆయనకన్నా ఆరేళ్లు చిన్న. ఐర్లండులో ఒక మత ప్రబోధకుడి కుమారుడు. 1927లో కావెండిష్ చేరినప్పటి నుంచి కణాలకు వేగమిచ్చే వేరే పద్ధతులు రెండు ప్రయత్నించి విఫలుడయ్యాడు. చేతిపనిలో నేర్పరి. రూథర్‌ఫర్డ్ వీరిద్దరినీ ఒక జతగా చేశాడు.

మొదటి యంత్రానికి ట్రాన్స్‌ఫార్మరు మెట్రోపాలిటన్ వికర్స్ నుంచే వచ్చింది. దాన్ని కావెండిష్‌లోని పాత గదిలో పట్టేట్లు ప్రత్యేకంగా తయారుచేయవలసి వచ్చింది. 1930 నాటికి 2,80,000 వోల్టుల వరకు ప్రోటాన్లను తోలగలిగారు. కేంద్రకం పగిలితే గామా కిరణాలు వెలువడవచ్చునని భావించి వాటికోసం వెతికారు. చెప్పుకోదగినదేమీ కనబడలేదు. వోల్టేజి చాలలేదని అనుకున్నారు. ఈ అభిప్రాయం సరైనదో కాదో తరువాత చూద్దాం.

1931లో ఆ గది ఖాళీ చేయవలసి వచ్చింది. ఇల్లు మారేటప్పుడు పాత సామానులో పనికివచ్చేది, పనికిరానిది ఏరుకున్నట్లే, వారు కూడా యంత్రాన్ని కొత్తగా ఆలోచించారు. ఈసారి వారికి దొరికింది పెద్ద గది, ఎత్తైన కప్పు. ఎనిమిది లక్షల వోల్టులు లక్ష్యంగా పెట్టుకున్నారు.

ఎనిమిది లక్షల వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు కొనడానికి డబ్బు లేదు, దాన్ని పెట్టడానికి చోటూ లేదు. రెండు లక్షల వోల్టులది ఉంది. దానితోనే ఎనిమిది లక్షలు సాధించాలి. దీనికి కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ ఎన్నుకున్న మార్గం ఎంతో తెలివైనది. లోతైన దిగుడుబావిలో నుంచి నీళ్లు పైకి చేరవేయడం ఊహించండి. అడుగు మెట్టు మీది మనిషి కడవ నింపి పై మెట్టు మీది మనిషికి అందిస్తాడు. అతడు ఆ పైవాడికి అందిస్తాడు. ఎవరూ కడవను తమ చేయి ఎత్తుకు మించి లేపరు. కాని నీళ్లు గట్టు మీదికి చేరుతాయి. ఈ యంత్రంలో మెట్ల మీది మనుషులు కండెన్సర్లు, అంటే విద్యుదావేశాన్ని నిలవ ఉంచే సాధనాలు. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే విద్యుత్తు క్షణక్షణానికీ దిశ మారుతుంటుంది. ఒక దిశలో ఉన్నప్పుడు కింది కండెన్సరు నిండుతుంది. దిశ మారగానే అది తన ఆవేశాన్ని పై కండెన్సరుకు అందిస్తుంది. అందించినది మళ్లీ కిందికి జారిపోకుండా రెక్టిఫయర్లు కాపలా కాస్తాయి. రెక్టిఫయరు విద్యుత్తును ఒకే దిశలో పోనిస్తుంది. నాలుగు కండెన్సర్లు, నాలుగు రెక్టిఫయర్లు కలిసి రెండు లక్షలను నాలుగు రెట్లు చేస్తాయి. స్విట్జర్లాండుకు చెందిన గ్రైనాకర్ ఇటువంటి అమరికను అంతకు కొన్నేళ్ల ముందే కనిపెట్టాడు. కాని కేంద్రకాన్ని కొట్టడానికి దాన్ని ఇంత పెద్ద ఎత్తున వాడినవారు వీరే. అందుచేత అది నేటికీ వీరి పేరుతోనే ప్రసిద్ధం.

కాగితం మీద ఇది నాలుగు గీతల బొమ్మ. గదిలో కట్టడం వేరు. రెక్టిఫయర్లు ఒక్కొక్కటి దాదాపు మూడడుగుల పొడవు, అడుగుకు పైగా వెడల్పుగల గాజు స్తంభాలు. నాలుగింటిని ఒకదానిమీద ఒకటి నిలబెడితే పన్నెండడుగుల గోపురం తయారైంది. పక్కనే ప్రోటాన్లు పరుగెత్తే గొట్టం. అదీ గాజు స్తంభాలతో కట్టినదే. ఈ స్తంభాలన్నిటిలో నుంచి గాలిని తీసివేయాలి. ఎందుకంటే మూడు లక్షల వోల్టులతో దూసుకుపోయే ప్రోటాన్ కూడా మామూలు గాలిలో కొన్ని మిల్లీమీటర్లు పోయేసరికి ఆగిపోతుంది. గాలి మిగిలితే గొట్టంలో విద్యుత్తు అడ్డదారి కూడా తొక్కుతుంది.

అసలు శ్రమంతా ఇక్కడే. గాజుకూ లోహానికీ మధ్య అతుకులు ఎన్నో ఉన్నాయి. ఒక్క అతుకులో వెంట్రుకవాసి సందున్నా గాలి లోపలికి చొరబడుతుంది. మొదట్లో లక్కతో అతికేవారు. లక్క గట్టిపడిన తరువాత స్తంభాన్ని విప్పి సరిచేయాలంటే పెద్ద ప్రయాస. తరువాత ఏం వాడారో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పిల్లలు బొమ్మలు చేసుకునే ప్లాస్టిసిన్ అనే మెత్తని ముద్ద! దాన్ని అతుకుల చుట్టూ పెట్టి వేళ్లతో ఒత్తేవారు. కారుతున్న చోటు కనిపెట్టడం, అక్కడ మళ్లీ ఒత్తడం, పంపులు నడపడం, మరొక చోట కారడం... రోజుల తరబడి ఇదే పని. ఆ కాలంలో మెట్రోపాలిటన్ వికర్స్‌లోని బర్చ్ అనే శాస్త్రజ్ఞుడు, శూన్యంలో సైతం ఆవిరి కాని నూనెలను, బంకలను పెట్రోలియం నుంచి వేరుచేశాడు. ఆ నూనెతో నడిచే కొత్త పంపులు, ఆ బంక కాక్‌క్రాఫ్ట్‌కు అందాయి. పాత కర్మాగారంతో ఆయనకున్న స్నేహం ఈ విధంగా అక్కరకు వచ్చింది.

శూన్యాన్ని సాధించడం ఒక ప్రత్యేక విద్య అనే చెప్పాలి. ఆ విద్య మీద ఒక తెలుగువాడు పెద్ద గ్రంథమే రాశారు. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద, కావెండిష్‌లో రూథర్‌ఫర్డ్ సహచరుడైన ఛాడ్విక్ లివర్‌పూల్‌కు మారిన తరువాత ఆయన దగ్గర పరిశోధన చేశారు. అధిక శూన్యాల గురించి ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1947లో న్యూయార్కులో వెలువడింది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసినవారు కూడా ఆయనే.

మళ్లీ కావెండిష్‌కు వద్దాం. 1932 తొలి నెలలకు యంత్రం ఏడు లక్షల వోల్టులను అందుకోగలిగింది. వోల్టేజిని కొలవడానికి రెండు అల్యూమినియం గోళాలు వాడేవారు. వాటిని దగ్గరకు జరుపుతూపోతే ఒక దూరంలో నిప్పురవ్వ దూకుతుంది. ఆ దూరాన్నిబట్టి వోల్టేజి తెలుస్తుంది. ప్రోటాన్ల గొట్టం అడుగున చెక్కతో చేసి సీసపు రేకులు తాపిన ఒక చిన్న గూడు ఉండేది. సీసం ఎక్స్‌కిరణాల నుంచి కొంత రక్షణ ఇస్తుంది. ఆ జాగ్రత్తలు నేటి ప్రమాణాలకు ఏమాత్రం సరిపోవు. పరిశీలించేవాడు ఆ గూటిలో చీకట్లో ముడుచుకు కూర్చోవాలి.

ఇద్దరూ వోల్టేజిని స్థిరపరచడం, ప్రోటాన్ల వేగాన్ని సరిచూడడం వంటి పనులలో మునిగిపోయారు. మంచి ఇంజనీర్లు చేసే పనే అది. రూథర్‌ఫర్డ్‌కు మాత్రం ఓపిక నశించింది. జింకు సల్ఫైడు తెర పెట్టి ఆల్ఫా కణాలు వస్తున్నాయేమో ముందు చూడమని గట్టిగా చెప్పాడు. ఆల్ఫా కణం తగిలిన చోట జింకు సల్ఫైడు చిన్న మిణుకుతో మెరుస్తుంది. ఆ మిణుకులను సూక్ష్మదర్శినితో చీకట్లో లెక్కపెట్టడం కావెండిష్‌లో ఏనాటి నుంచో ఉన్న అలవాటు. పెద్దాయన మాట వింటే ఎంత పని తేలికయ్యేదో ఆ యువకులకు త్వరలోనే తెలిసివచ్చింది.

1932 ఏప్రిల్ 14, గురువారం. ఆ ఉదయం కాక్‌క్రాఫ్ట్ వేరే ప్రయోగశాలలో కపిట్జా అనే శాస్త్రజ్ఞుడికి సహాయపడుతున్నాడు. వాల్టన్ ఒక్కడే ఉన్నాడు. ప్రోటాన్ల దారిలో లిథియం పూత ఉన్న రేకును ఏటవాలుగా అమర్చాడు. దానికి ఎదురుగా పలుచని అభ్రకపు కిటికీ. గూడూరు గనుల వల్ల తెలుగువారికి బాగా తెలిసిన అభ్రకమే ఇది. పల్లెల్లో కాకిబంగారం అంటారు. చెదిరి వచ్చే ప్రోటాన్లను అభ్రకం ఆపుతుంది. అంతకన్నా శక్తిగల కణాలుంటే దాటిపోనిస్తుంది. దాని అవతల జింకు సల్ఫైడు తెర, సూక్ష్మదర్శిని. వాల్టన్ యంత్రాన్ని నడిపించి, వోల్టేజి పెంచి, నియంత్రణ బల్ల వదిలి గూటి దగ్గరకు బయలుదేరాడు. తల పైన లక్షల వోల్టులున్నాయి. నిలబడి నడిస్తే ప్రమాదం. అందువల్ల నేల మీద పాకుతూ వెళ్లాడు. గూటిలో దూరి సూక్ష్మదర్శినిలో చూశాడు.

తెర మీద మిణుకులు. ఒకటి కాదు, రెండు కాదు, ఆకాశంలో నక్షత్రాలు మెరిసి ఆరిపోతున్నట్లు.

వాల్టన్ మళ్లీ పాకుతూ వెనక్కు వచ్చి విద్యుత్తు ఆపాడు. మళ్లీ పెట్టి చూశాడు. ప్రోటాన్లు లేకపోతే మిణుకులు లేవు. ప్రోటాన్లు రాగానే ఉన్నాయి. అప్పుడు కాక్‌క్రాఫ్ట్‌కు కబురు పంపాడు. కాక్‌క్రాఫ్ట్ వచ్చి చూసి రూథర్‌ఫర్డ్‌ను పిలుచుకువచ్చాడు. రూథర్‌ఫర్డ్ భారీ మనిషి. ఆ చిన్న గూటిలో ఎలాగో ఇరుక్కున్నాడు. ప్రోటాన్లను ఆపండి, వోల్టేజి పెంచండి అంటూ లోపలి నుంచే కేకలు వేస్తూ చాలాసేపు పరిశీలించాడు. బయటకు వచ్చి, అవి ఆల్ఫా కణాల్లాగే ఉన్నాయన్నాడు. ఆల్ఫా కణాలకు ఆ పేరు పెట్టినవాడే ఆయన. వాటిని ముప్పై ఏళ్లకు పైగా చూస్తున్నాడు. ఆ విషయంలో ఆయన మాటకు తిరుగు లేదు.

జరిగినది ఏమిటి? లిథియం కేంద్రకంలో మూడు ప్రోటాన్లు, నాలుగు న్యూట్రాన్లు ఉంటాయి. దానిలోకి ఒక ప్రోటాన్ ప్రవేశిస్తే మొత్తం నాలుగు ప్రోటాన్లు, నాలుగు న్యూట్రాన్లు. అది నిలవలేక సరిసమానంగా రెండు ముక్కలవుతుంది. ఒక్కొక్క ముక్కలో రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు. అదే హీలియం కేంద్రకం, అంటే ఆల్ఫా కణం. రెండు ముక్కలూ ఎదురెదురు దిక్కులకు ఎగిరిపోవాలి. నిజంగా అలా జరుగుతున్నదా అని లిథియానికి రెండు వైపులా రెండు తెరలు పెట్టి, ఇద్దరు మనుషులు మిణుకు కనబడగానే చెరొక మీట నొక్కేట్లు ఏర్పాటు చేశారు. మిణుకులు జతలు జతలుగా వచ్చాయి.

అంతకన్నా విశేషం శక్తి లెక్క. లోపలికి పోయిన ప్రోటాన్ శక్తి లక్ష ఎలక్ట్రాన్ వోల్టులు పైచిలుకు. బయటికి వచ్చిన రెండు ఆల్ఫా కణాల శక్తి కలిపి ఒక కోటి డెబ్భై లక్షలకు పైగా! ఈ శక్తి ఎక్కడిది? నేటి కొలతల ప్రకారం లిథియం పరమాణువు ద్రవ్యరాశి 7.0160, హైడ్రోజన్‌ది 1.0078; కలిపితే 8.0238. రెండు హీలియం పరమాణువుల ద్రవ్యరాశి 8.0052. మధ్యలో 0.0186 మాయమైంది. ద్రవ్యరాశి శక్తిగా మారుతుందని ఐన్‌స్టీన్ 1905లో ప్రతిపాదించాడు. ఆ సూత్రం ప్రకారం మాయమైన భాగానికి సరిగ్గా ఒక కోటి డెబ్భై మూడు లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు రావాలి. ప్రయోగంలో వచ్చింది దానికి సరిపోయింది. అంతవరకు కాగితం మీద ఉన్న సూత్రాన్ని ఒక కేంద్రక చర్యలో కొలిచి చూసినది ఇక్కడే మొదలు.

రూథర్‌ఫర్డ్ మొదట ఎవరికీ చెప్పవద్దన్నాడు. వార్త పొక్కితే పని సాగనివ్వరని ఆయన భయం. ఏప్రిల్ 16 తేదీతో రాసిన ఉత్తరం అదే నెల 30న ‘నేచర్’ పత్రికలో వెలువడింది. ఆ వెంటనే వార్తాపత్రికలు హోరెత్తించాయి. ఇక బొగ్గుతో పనిలేదనీ, ప్రపంచం పేలిపోతుందేమోననీ చర్చలు జరిగాయి. రెండూ తొందరపాటు మాటలే. రెండున్నర లక్షల వోల్టుల వద్ద నూరు కోట్ల ప్రోటాన్లు విసిరితే వాటిలో ఒకటి ఫలించేది. వచ్చిన శక్తికన్నా ఖర్చయినదే ఎన్నో రెట్లు. పరమాణు శక్తిని రాబట్టే మార్గం 1938 చివరలో యురేనియం విచ్ఛిత్తి బయటపడిన తరువాత వేరే విధంగా తెరుచుకుంది.

ఈ పందెంలో కేంబ్రిడ్జి ఒక్కటే లేదు. అమెరికాలో, కాలిఫోర్నియాలోని బర్కిలీలో లారెన్స్ అనే శాస్త్రజ్ఞుడు ప్రోటాన్లను అయస్కాంతంతో గుండ్రంగా తిప్పుతూ, ప్రతి చుట్టుకూ కొంత వేగాన్ని కలిపే సైక్లోట్రాన్‌ను నిర్మించాడు. 1932 ఆరంభానికే అది పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు దాటింది. శక్తిలో కావెండిష్ యంత్రంకన్నా అదే ముందు. కాని అక్కడివారు యంత్రాన్ని ఇంకా పెంచడంలోనే నిమగ్నులయ్యారు. పగిలిన ముక్కలను లెక్కించే సాధనాలు వారి దగ్గర సిద్ధంగా లేవు. కేంబ్రిడ్జి వార్త విన్నాక తొందర తొందరగా ఏర్పాట్లు చేసుకొని, కొద్ది నెలల్లో అదే ఫలితాన్ని తామూ చూశారు.

ఇక 1930 నాటి పాత గది సంగతి. ‘నేచర్’ ఉత్తరంలో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ రాసిన దాని ప్రకారం, 1,25,000 వోల్టుల దగ్గరే లిథియం నుంచి మిణుకులు కనబడ్డాయి. మొదటి యంత్రం అంతకు రెట్టింపుకు పైగా, 2,80,000 వోల్టులు ఇచ్చింది. దాని గొట్టం చివర లిథియం, ఒక జింకు సల్ఫైడు తెర ఉంచి ఉంటే రెండేళ్ల క్రితమే కేంద్రకం పగిలేది. వారు అప్పుడు వెతికినవి గామా కిరణాలు. లోపం వోల్టేజిలో లేదు.

1951లో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్‌లకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి రూథర్‌ఫర్డ్ మరణించి పద్నాలుగేళ్లయింది. గామో పేరు ఆ బహుమతిలో లేదు. అయితే, ఆయన లెక్క లేకపోతే మూడు లక్షల వోల్టుల యంత్రాన్ని కట్టే సాహసం ఎవరూ చేసేవారు కాదని ఈ కథ చదివినవారికి అనిపించక మానదు. ముంబయిలోని టాటా పరిశోధన సంస్థలో 1950లలో ఇదే పద్ధతిలో పనిచేసే పది లక్షల వోల్టుల యంత్రం నెలకొన్నది. పెద్ద పెద్ద యంత్రాలు వచ్చిన తరువాత కూడా కాక్‌క్రాఫ్ట్ వాల్టన్ అమరిక మూలపడలేదు. ప్రోటాన్‌కు తొలి తోపు ఇచ్చి పెద్ద యంత్రంలోకి పంపే పని దానికి అప్పగించారు. అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాలలో ఏడున్నర లక్షల వోల్టుల అటువంటి యంత్రం 2012 వరకు ఆ పని చేసింది. కావెండిష్‌లోని మొదటి యంత్రం భాగాలు కొన్ని లండన్‌లోని సైన్స్ మ్యూజియంలో ఉన్నాయి.